జూన్ ఎండ

ఎవరు పెట్టారు అత్తా నిన్ను ఈ ట్యూబ్‌లైటు కింద? సరిగ్గా నెత్తి మీదే! కళ్ళ కింద గుంటలు, ముక్కు కింద నీడ, పెదాలకి ఆ ఊదా రంగు... బతికుండగా ఒక్కనాడన్నా ఇలా ఉన్నావా నువ్వు? ఓ రెండడుగులు అటు జరిపితే కిటికీ వెలుగు చెంప మీద పడేది కదా. ఎవరికి పట్టింది!

అడిగాను లే. నిన్న నిన్ను ఈ బడి హాల్లోకి తెచ్చినప్పుడే అడిగాను. "కాస్త కిటికీ పక్కకి పెడదామా" అన్నాను. ఆడవాళ్ళంతా నావైపు చూసిన చూపు నువ్వు చూడాల్సింది. పోయిన మనిషి దగ్గర కూడా దీని లైట్ల గోలేనా అన్నట్టు. 

నీ తల వెనకాల బాస్కెట్‌బాల్ రింగు ఉంది, తెలుసా? గోడ నిండా చిన్నపిల్లలు వేసిన తిమింగలాలు. మనవాళ్ళు చాపలు పరిచి, చుట్టూ ఫోటోలన్నీ పేర్చారు. మీ అమ్మ, మీ నాన్న, మా నాన్న... వరద మరకలతోనే కూర్చున్నారు అందరూ. పాపం, హాలుని వరదలో పోయిన మన మరాయెలాగా, అందరం కూడే ఆ పెద్దింటిలాగా చెయ్యాలనే చూశారు. చేశారు కూడా. కానీ రింగు రింగే కదా!

అందరూ భోజనాలకి వెళ్ళారు. నిన్ను ఒక్కదాన్నే వదలకూడదు, ఎవరో ఒకరు కూర్చోవాలి కదా, నేనుంటానన్నాను. "నీకు ఆకలి వెయ్యట్లేదా రిపెకా" అని పిన్ని రెండుసార్లు అడిగింది. లేదన్నాను. అబద్ధం. పంది ఎముకల పులుసు వాసన ఇక్కడిదాకా వస్తోంది. పూహా ఆకు దండిగా వేశారు, నీకిష్టమని. నువ్వు తినవని తెలిసీ వేశారు.

ఆకలి సంగతి కాదు అత్తా. నీతో నాకో పోట్లాట మిగిలిపోయింది.

పోయినవాళ్ళని మొహం మీద తిట్టడానికి మనకి ఈ మూడు రోజులే కదా. రేపు మట్టి వేశాక ఎంత అరిచినా ఏం లాభం? పొద్దున అవతలి లోయ నుంచి ఆ ముసలాయన రాలేదూ? పడుచుతనంలో నువ్వు ఆయన గుర్రాన్ని తీసుకెళ్ళి కుంటిదాన్ని చేసి తెచ్చావట. ఇక్కడే నిలబడి, కర్ర నేలకేసి కొడుతూ తిట్టీ తిట్టీ, చివరికి నీ కాళ్ళ దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చి వెళ్ళాడు. ఓ గుర్రానికే అంత హక్కుంటే నాకెంతుండాలి చెప్పు?

రేపు నిన్ను పూడ్చి, భోజనాలయ్యాక, పెదనాన్న కొండ మీద పార పట్టుకుంటాడు. కొత్త పెద్దింటికి మొదటి మట్టి ఆయనే తియ్యాలి. నా బొమ్మ చూసే కదా ఒప్పుకున్నాడు. ఆ బొమ్మలో ఎండ అబద్ధం. ఆ సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు. నువ్వేమో నా నెత్తిన పెట్టేసి హాయిగా పడుకున్నావ్!

ఆ, నవ్వు. నీకేం, నవ్వుతావు.

నా పని నీకు ఏనాడూ నచ్చలేదు. ఎవరొచ్చినా ఒకటే పరిచయం, "ఇది మా తమ్ముడి కూతురు, ఆక్లండ్‌లో లేని ఇళ్ళకి ఫోటోలు తీస్తుంది" అని. వాళ్ళు నవ్వడం, నేను మొహం మాడ్చుకోవడం. కానీ నువ్వన్నది తప్పేం కాదు. కట్టబోయే ఇల్లు కట్టేసినట్టు కంప్యూటర్లో బొమ్మ చేస్తాను. చూసినవాళ్ళకి అందులోకి నడిచి వెళ్ళిపోవాలనిపించాలి. అదీ నా ఉద్యోగం.

గోడలూ తలుపులూ నావి కావు అత్తా. అవి ఆర్కిటెక్ట్ గీసిస్తాడు. దానికి పొద్దు పెట్టేది నేను. అదే గది, మిట్టమధ్యాహ్నం పెట్టానంటే పంటి డాక్టరు గదిలా ఉంటుంది. కాస్త పొద్దు వాల్చి, ఎండని పక్కనుంచి సోఫా మీదికి జారనిచ్చాననుకో, ఎవరో మనకోసం టీ పెడుతున్నట్టుంటుంది. వాన వెలిసినట్టు నేల తడిపేస్తాను, దీపాలు అందులో మెరవాలని. పక్కన పెట్రోలు బంకు ఉందా, పొగమంచు కప్పేస్తాను. ఎండ మొహం ఎరగని కొంపలకి కూడా ఎండ పెట్టాను. మా ఆఫీసులో దాన్ని అబద్ధం అనరు. మూడ్ అంటారు.

అదంతా సరే, ఊరు కాని ఊళ్ళో, మొహం తెలియనివాళ్ళకి. కానీ మనవాళ్ళకి! పెదనాన్నకి!

వరద ముందు ఇలా లేరు కదా మీరిద్దరూ. ఒక్క కడుపున పుట్టి ఒక్క కంచంలో తిన్నవాళ్ళు. నది వచ్చి పెద్దింటిని కిటికీల దాకా బురదతో నింపి పోయింది. ఆ రాత్రి నువ్వు నిద్రపోతున్న పిల్లల్ని లాగి లాగి వంటింటి కప్పు మీదికెక్కించి, తెల్లారి హెలికాప్టరు వచ్చేదాకా వాళ్ళని ఒళ్ళో పొదువుకుని వానలో కూర్చున్నావు. నీ ఊపిరితిత్తుల్లోకి చేరిన చలి ఆ రాత్రిదే. డాక్టరు ఏదో పెద్ద పేరు చెప్పాడు గానీ, ఆ రాత్రిదే.

అప్పట్నుంచీ నీది ఒకటే పాట. పైకి పోదాం, కొండ మీద కడదాం.

ఆయనది ఒకటే పాట. ఇక్కడే, ఉన్నచోటే.

ఏమన్నాడో గుర్తుందా? "అమ్మ పోయాక అరుగు మీద పడుకోబెట్టిన రోజు, పొద్దున్నే నది మీంచి ఎండ వచ్చి మొహం మీద పడింది. మొహానికి రంగొచ్చింది. లేస్తుందేమో అనుకున్నా. ఆ ఎండ పడని అరుగు మీద నేను నిలబడి మాట్లాడను." అంతే. ఇంటి తరఫున మాట్లాడే పెద్ద ఆయన, ఆయన కదలందే ఎవరు కదులుతారు? ఏడాది పాటు అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చుని కూడా! ప్రార్థన పుస్తకం నడిమధ్య పెట్టుకుని, చెరో వైపు చూసుకుంటూ!

అప్పుడు నాకు ఫోన్ చేశావు. "పిల్లా, లేని ఇళ్ళకి ఫోటోలు తీస్తావు కదా. మాకోటి తియ్యి. కొండ మీద ఇల్లు మీ పెదనాన్న కంటికి కనపడాలి."

ఎంత పొంగిపోయాననుకున్నావ్! మొదటిసారి నా పని నీకు పనికొచ్చింది. రాత్రనకా పగలనకా కూర్చున్నాను. నాకు వచ్చిందంతా పెట్టాను. ముదురు నీలం ఆకాశం, కిటికీలన్నిటిలో బంగారు రంగు దీపాలు, అరుగు మీద దీపం, ముంగిట్లోంచి ఇంటివైపు నడిచొస్తున్న జనం. పొద్దుగూకే వేళ అత్తా! ఆక్లండ్‌లో ఆ వేళ పెట్టి నేను అమ్మించలేని కొంప లేదు.

ఈ హాల్లోనే కదా చూపించాను. అదుగో, ఆ తిమింగలాల గోడ మీదే. ఆహా అంటారని ఎదురుచూస్తున్నాను. 

ముందు పెదనాన్నే నోరు విప్పాడు. "ఆ కుక్క ఎవరిదమ్మా?"

హాలంతా ఘొల్లుమంది. మేం మనుషుల్ని గియ్యం అత్తా, కత్తిరించి పెట్టినవి ఉంటాయి, తెచ్చి అతికిస్తాం. ఎక్కడో జర్మనీ వీధిలో పోయే ఆవిడ, మెడకి మఫ్లరు, చేతిలో కుక్క. ఇంకోడు బెలూన్ పట్టుకున్నవాడు. మరాయె ముంగిట్లో కుక్కా బెలూనూ! నేనూ నవ్వేశాను. గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు నువ్వు లేచావు. కర్ర పట్టుకుని, నెమ్మదిగా.

"అది ఏ వేళే పిల్లా?"

"దీపాలు పెట్టే వేళ అత్తా."

"ఆ వచ్చేదెవరు?"

"చుట్టాలు. మన ఇంటికి వచ్చేవాళ్ళు."

"వచ్చే చుట్టాల్ని అరుగు మీద నిలబడి పిలిచేదాన్ని నేను. పొద్దుగూకాక నేనెవర్నీ లోపలికి పిలవలేదు. మా అమ్మ పిలవలేదు, వాళ్ళమ్మ పిలవలేదు. ఆలస్యమైనవాళ్ళు గేటు బయటే పడుకుని తెల్లారి వస్తారు. మరి ఎవరూ పిలవకుండా, చీకట్లో, దీపాలు చూసుకుని నడిచొస్తున్న వీళ్ళెవరే?"

నవ్వులు ఆగిపోయాయి. వెనక వరసలో ఎవరో పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. అప్పుడు చూశాను నా బొమ్మని. చీకట్లో పిలవకుండా వచ్చేవాళ్ళు మనుషులు కారు. చచ్చినవాళ్ళని వరసలో నడిపించుకుని మన ఇంట్లోకి తోలాను నేను!

నాకు తెలియదా అత్తా? చిన్నప్పుడు నేనే పడుకోలేదూ గేటు బయట, నాన్న కారు వెనక సీట్లో, తెల్లారితే నువ్వు పిలుస్తావని? తెలుసు. ఒంట్లో ఉంది. కానీ చెయ్యి దానంతటదే సాయంత్రం మీదికి పోయింది. అలవాటు. అదే నాకు ఇప్పటికీ భయం వేసేది.

కార్లో కూర్చుని ఏడుస్తుంటే వచ్చి అద్దం మీద కర్రతో కొట్టావు. "దిగు. ఏడుపాపి పొద్దు మార్చు." చేతిలో వేడివేడిగా నూనెలో వేయించిన రొట్టె పెట్టావు. "పొద్దున్న పెట్టు. అరుగు మీద నన్ను నిలబెట్టు, ఆ మఫ్లరుదాన్ని పంపేసెయ్. అరుగంతా ఎండ పడాలి. మీ పెదనాన్న అదొక్కటే చూస్తాడు."

నేను అడిగాను. నోటి నిండా రొట్టె పెట్టుకునే అడిగాను. "ఏ నెల ఎండ అత్తా? కంప్యూటరుకి నెల చెప్పాలి."

రెప్ప వెయ్యలేదు నువ్వు. "క్రిస్మస్. ఎండాకాలం సెలవలు, అప్పుడే కదే అందరూ ఇంటికొచ్చేది."

ఎంత బావుందో ఆ మాట! నాకు ఇంకేం అనుమానం వస్తుంది? ఆ కొండ నేను పుట్టకముందు నుంచీ పైన్ చెట్లవాళ్ళ కౌలులో ఉంది, కంచె వేసి. మొన్న మొన్నే మన చేతికి తిరిగొచ్చింది. చలికాలం పొద్దున్నే అక్కడ నిలబడినవాళ్ళు మాలో ఎవరున్నారు?

క్రిస్మస్ ఎండ పెట్టాను. తూర్పు నుంచి ఏటవాలుగా వచ్చి అరుగు మీద పరుచుకుంది. కొయ్య స్తంభాల మీద చెక్కిన మొహాలన్నిటికీ ప్రాణం వచ్చింది. నీ నల్ల గౌను అంచున సన్నటి వెలుగు గీత. ఏ కంపెనీకీ అంత మంచి పొద్దు పెట్టలేదు నేను.

పెదనాన్న లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. అరుగు మీద ఎండ పడిన చోట అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉందేమో చూసినట్టు. అలా ఎంతసేపు నిలబడ్డాడో! తర్వాత వెనక్కి తిరిగి, "సరే, పోదాం పైకి" అన్నాడు. మీరిద్దరూ మన పద్ధతిలో ముక్కూ ముక్కూ ఆనించుకుని అలాగే ఉండిపోయారు. హాల్లో ఏడవనివాళ్ళు లేరు. నేను గర్వంతో ఏడ్చాను. అవును, గర్వంతోనే.

తర్వాత నువ్వు మంచం పట్టావు.

అది నువ్వు అడక్కుండా ఉంటే బావుండేది అత్తా. నేను చూడ్డానికి వస్తే, చెయ్యి పట్టుకుని, మామూలుగా, ఉప్పు అడిగినట్టు అడిగావు. "నేను ఈ చలికాలం దాటను. కొత్తింట్లో పడుకునే రాత లేదులే. బొమ్మలోనైనా చూపించు. జూన్‌లో, పొద్దున్నే, అరుగు మీద పెడితే ఎండ నా కాళ్ళ మీద పడుతుందా, మొహం మీద పడుతుందా?"

ఆక్లండ్ వెళ్ళి నెల మార్చాను. జూన్. పొద్దున. బొమ్మ నల్లగా వచ్చింది.

కంప్యూటరు పాడైందనుకున్నాను. గంట ముందుకి జరిపాను. నలుపే. ఇంకో గంట. ఇంకా నలుపే. మన జూన్ నడిచలికాలం కదా, పొద్దు ఉత్తరానికి ఒరిగి, కిందుగా పాకుతుంది. అక్కడేమో ఆ రాతిగట్టు అడ్డం. మధ్యాహ్నం కావస్తే తప్ప పొద్దు గట్టు దాటి రాదు. అరుగంతా నీలం నీడ. కొయ్య మొహాలన్నీ చలికి బిగుసుకుపోయినట్టున్నాయి. నేను మూడ్ కోసం వేసిన నీలం కాదది. నిజంగా పడే నీడ.

పట్టుకొచ్చి చూపించాను. ఎంతో సేపు చూశావు.

"బావుంది. చక్కగా తీశావు" అన్నావు.

"అత్తా, ఎండ లేదు."

"ఉండదు."

"నీకు తెలుసా?"

"తెలుసు."

ఎంత ప్రశాంతంగా అన్నావు ఆ మాట! "మరి క్రిస్మస్ అని ఎందుకన్నావ్" అని అరిచాను. దగ్గు మధ్యలో ఆగి ఆగి చెప్పావు. "చలేస్తే కోటు వేసుకుంటారే. నీళ్ళొస్తే ఏం వేసుకుంటారు?"

 

"పెదనాన్నకి చెప్పు మరి" అన్నాను. "నేను చెప్పను. నువ్వూ చెప్పకు. మొండిముండావాడు. ఈ ఒక్క సాకు దొరికితే చాలు, మళ్ళీ నది పక్కకి దిగుతాడు. వాడితో పాటు పిల్లలూ దిగుతారు."

నన్ను వాడుకున్నావ్ అన్నాను. నా చేతిని వాడుకున్నావ్, ఆక్లండ్‌లో ఆ కంపెనీలవాళ్ళకీ నీకూ తేడా ఏంటన్నాను. అవును, అన్నాను. తలుపు ధడేలుమనేలా వేసి వెళ్ళాను కూడా. నువ్వు వెనకనుంచి "రొట్టె పట్టుకెళ్ళు" అన్నావు. వినపడింది. పట్టుకెళ్ళలేదు.

అంతే కదా మన ఆఖరి మాట. రొట్టె.

ఇప్పుడు చెప్పు. నేనేం చెయ్యాలి? చెప్తే ఇల్లు మళ్ళీ నది ఒడ్డునే. మళ్ళీ ఓ రాత్రి నీళ్ళొస్తే, పిల్లల్ని కప్పెక్కించడానికి నువ్వు లేవు. చెప్పకపోతే, ఆయన తల్లి ఎండ కోసం ఇన్నాళ్ళు మొండికేసిన మనిషి, నేను పూసిన ఎండని నమ్మి పార పట్టుకుంటాడు. వచ్చే జూన్‌లోనో ఆ పై జూన్‌లోనో ఆ అరుగు మీద నిలబడి నోరు తెరవబోతే మొహం మీద మంచు. అప్పుడు నావైపు చూస్తాడు కదా! ఆ చూపు తల్చుకుంటే...

రేపు కూడా ఎవరికీ ఏమీ తెలియదు, అది చూశావా? పైకి వెళ్ళేది మధ్యాహ్నం దాటాక. అప్పటికి గట్టు దాటి ఎండ వచ్చేసి ఉంటుంది. అందరూ చూడండి ఎంత బావుందో అంటారు. ఆ సూర్యుడు కూడా నీ పక్షమే.

చెప్పేశాను అత్తా.

అదీ సంగతి. నువ్వు వద్దన్నా చెప్పేశాను, ఇవాళ పొద్దున. హాలు వెనకాల కుర్రాళ్ళు వంటకి హాంగీ గొయ్యిలో రాళ్ళు కాలుస్తున్నారు. పెదనాన్న ప్లాస్టిక్ కుర్చీలో, పొగకి కళ్ళు చిట్లించుకుని, తలకి శోకానికి కట్టే కవాకవా ఆకుల దండతో కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర కూర్చుని ఫోన్లో జూన్ బొమ్మ చూపించాను. "పెదనాన్నా, తప్పు నాదే. నెల పొరపాటు పెట్టాను. చలికాలం అరుగు మీద ఎండ రాదు" అన్నాను.

ఫోన్ తీసుకుని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. కేకలేస్తాడనుకున్నాను. మెల్లిగా అడిగాడు.

"హుహానాకి తెలుసా ఈ సంగతి?"

"తెలియదు" అన్నాను.

నీకోసమే అన్నాను! నీ పేరు పోకూడదని. నీ అన్న నీ శవం పక్కన కూర్చుని నిన్ను మోసగత్తె అనుకోకూడదని. నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో!

ఆయన తల ఊపాడు. "మంచిది" అన్నాడు. రాళ్ళ వైపు తిరిగాడు. తర్వాత చెప్పడం మొదలెట్టాడు, నాకు కాదు, ఆ రాళ్ళకి చెప్పినట్టు.

"చిన్నప్పుడు మాకు చెప్పుల్లేవు. ఆ కొండ అప్పటికింకా మనదే. పొద్దున్నే నేనూ అదీ పైకెక్కి పాలావుల్ని తోలుకురావాలి. గడ్డంతా తెల్లగా మంచు. కాళ్ళు కొంకర్లు పోయేవి. ఆవు పేడ వేస్తే చాలు, పరిగెత్తుకెళ్ళి ఆ వేడిలో కాళ్ళు పెట్టి నిలబడేవాళ్ళం. పేడ కోసం కొట్టుకునేవాళ్ళం. నన్ను తోసేసేది, రాక్షసి. అలా పేడలో నిలబడి గట్టు వైపు చూస్తూ ఉండేవాళ్ళం, పొద్దెప్పుడొస్తుందా అని. వచ్చేది కాదు." ఫోన్ మళ్ళీ చూసి అన్నాడు, "పాపం, మర్చిపోయుంటుంది."



"మరి నువ్వు... పెదనాన్నా, నీకు ముందే తెలిస్తే మరి..."

"ఆ బొమ్మలో అది అరుగు మీద నిలబడి ఉంది కదమ్మా. మొహం మీద ఎండ పడుతోంది. దాని దగ్గు అప్పటికే విన్నాను నేను. ఏడాది పాటు మాట్లాడకుండా విన్నాను, చర్చిలో, పక్కనే కూర్చుని. కాదంటానా ఇంక? దిగి రావడానికి నాకూ ఓ మెట్టు కావాలి కదా. నువ్వు వేసిచ్చావు."

విన్నావా అత్తా? మీరిద్దరూ పేడలో కాళ్ళు పెట్టుకుని పెరిగిన దొంగలు! నువ్వు ఆయన్ని మోసం చేస్తున్నాననుకున్నావు. ఆయన మోసపోయినట్టు నటించాడు. గోడ మీద చెయ్యి పెట్టి, అందర్నీ ఏడిపించి! నా ఎండని నిజంగా నమ్మింది ఈ ఊళ్ళో ఎవరయ్యా అంటే, దాన్ని తయారు చేసిన నేనొక్కదాన్నే.

అక్కడితో అయిపోయుంటే నవ్వేసేదాన్ని. నీ దగ్గరికొచ్చి, నీ చెంప గిల్లి, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టాడు. "ఇంకెవరికైనా చెప్పావా?" అన్నాడు. లేదన్నాను.

"చెప్పకు. నీ మనసు తేలికపడింది కదా, చాలు." చేతి కర్రతో నేల గీశాడు కాసేపు. "రేపు పార పట్టుకుని నేను మాట్లాడాలమ్మా. చెల్లెలు తెచ్చిన ఎండ అని చెబుదామనుకున్నా. అమ్మ మొహం మీద పడ్డ ఎండే ఇక్కడా పడుతుందని. రెండు రోజులుగా లోపల్లోపల అనుకుంటున్నా, మాటలు కుదిరాయి. నాకొక్కడికే తెలిసినప్పుడు అది అబద్ధం కాదు. దానికిచ్చిన మాట. ఇప్పుడు నువ్వు ఎదురుగా నిలబడి వింటుంటే ఎలా చెప్పను?"



"రేపు నువ్వు వెనకాల నిలబడు. నా కంటికి కనపడకు" అన్నాడు. కోపంగా కాదు అత్తా. కోపంగా అన్నా బావుండేది. బతిమాలుతున్నట్టు అన్నాడు.

నిజం చెప్పి బరువు దింపుకుందామని వెళ్ళాను. దింపుకున్నాను, తీసుకెళ్ళి ఆ ముసలాయన నెత్తి మీద. ఆయన కోసం చెప్పాననుకున్నావా? కాదు. మొన్న నీ కబురు వచ్చినప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. రేపు పార పట్టుకున్న ఆయన చేతుల్ని చూస్తూ నిలబడలేక చెప్పాను. ఇప్పుడు ఆయన మాట్లాడుతుంటే ఎక్కడో జనం వెనకాల, చూపు ఆననంత దూరంలో నిలబడతాను. అడిగినదాని కంటే ఎక్కువే దక్కింది.

నువ్వు వద్దనే చెప్పావు. విన్నానా!

అదుగో, తలుపు దగ్గర చెప్పుల చప్పుడు. భోజనాలయ్యాయి, వచ్చేస్తున్నారు. పిన్ని ముందు నడుస్తోంది. ఇందాక వెళ్తూ వెళ్తూ నా చెవిలో చెప్పింది, "నువ్వన్నది నిజమేనే, ఆ లైటులో వదిన మరీ పాలిపోయినట్టుంది. స్విచ్చు తలుపు పక్కనే ఉందట, ఆపేసెయ్. మేం వచ్చేసరికి కిటికీ వెలుగులో చక్కగా కనపడుతుంది" అని.

లేచి రెండడుగులు వేస్తే చాలు. ఈ వేళప్పుడు కిటికీలోంచి వచ్చే వెలుగు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పడమటి ఎండ, ఇప్పటికి ఇక్కడిదాకా వాలింది, చెంప మీద మెత్తగా పడుతుంది. గుంటలు పూడుతాయి. పెదాలకి రంగొస్తుంది. లేస్తావేమో అనిపిస్తుంది.

ఆపను అత్తా. ఉండనీ.

ఈ లైటులో నువ్వు చచ్చిపోయినట్టే ఉన్నావు.